నేను చెప్పిన అర్థం

పంతొమ్మిదేళ్ళుగా ఒకే మాట అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇంగ్లీషు జాతీయానికి పైపై మాటల అర్థం చెప్పొద్దు, లోపలున్న సంగతి చెప్పండి, అని. తమిళనాడులో గుడియాత్తం బజారులో కింద లుంగీల అంగడి, మీద నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. బోర్డు తమిళంలో ఉంటుంది, పాఠం ఇంగ్లీషులో, తిట్లు మాత్రం తెలుగులో. వచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్ళలో తెలుగే కాబట్టి తిట్లు బాగానే అర్థమవుతాయి. తెలుగు చదవమంటే మాత్రం ఒక్కరికీ రాదు. చిత్తూరులో డిగ్రీ చదివాను కాబట్టి నాకు వచ్చింది, లేకపోతే నేనూ అంతే.

'బీటింగ్ అరౌండ్ ద బుష్' అంటే పొద చుట్టూ కొట్టడం అని ఒకడు రాస్తాడు. వాడి నోట్‌బుక్కును వాడి ముందే కిటికీలోంచి బయటికి విసిరిన రోజులున్నాయి. నేను కోపిష్టిదాన్ని. ఆ సంగతి నాకూ తెలుసు, నెత్తిన నోట్‌బుక్కు పడిన కింది అంగడి ఆయనకూ తెలుసు.

నా పేరు కమలాక్షి. నాకున్న ఈ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ మా అన్న చెంగల్రాయలు దయ. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. ఆయన అయిదో తరగతితో ఆపేసి మోర్ధానా కాలువ కింద ఉన్న మా మడిలో దిగాడు. నన్ను మాత్రం రోజూ సైకిలు మీద కూర్చోబెట్టుకుని గుడియాత్తంలో కాన్వెంటు బడికి తీసుకుపోయాడు. పోతూ అన్నలా కాక తల్లిలా బెదిరించేవాడు: నిన్న చెప్పిన పద్యం ఒప్పచెప్పు, లేకపోతే ఈడ్నే దించేస్తాను అని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను తప్పు చెప్తే గుర్తుపట్టేవాడు. ఎట్లా గుర్తుపట్టేవాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా ముఖం చూసేవాడేమో.

నాకు క్లాసు మొదలైనప్పటి నుంచీ సాయంత్రం ఏడు గంటలకు ఆయన ఫోను తప్పదు. "ఈ పొద్దు పిల్లోళ్ళకు ఏం చెప్పినావు మ్మా?" అంటాడు. నేను ఒక జాతీయం చెప్పాలి. ఆయన దానికి మన మాట వెతకాలి. అదీ ఆట. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే పున్నానికో అమాసకో అని గబుక్కున అనేశాడు. పొద చుట్టూ కొట్టడానికి డొంకతిరుగుడు అన్నాడు, అంతకంటే సరైన మాట ఏ నిఘంటువూ ఇవ్వలేదు. 'కిక్ ద బకెట్' చెప్పిన రోజయితే ఫోనులో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "మన కాడ గూడా బాల్చీ తన్నేసినాడు అంటారు గదమ్మా. మన బాల్చీని వాళ్ళు ఎత్తుకోని పోయినారా, వాళ్ళది మనం తెచ్చుకుంటిమా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "ఇంత చదివి ఇదిగూడా తెలీదు" అని ఎగతాళి చేశాడు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మనిషి బయట చచ్చిపోతే శవాన్ని గడప దాటించి ఇంట్లోకి తేరు. వీధిలోనే పందిరి వేసి, అక్కడే చేయవలసినవన్నీ చేసి, అటునుంచి అటే తీసుకుపోతారు. మా నాయన జ్వరంతో వేలూరు ఆసుపత్రిలో పోయినప్పుడు నాకు అయిదేళ్ళు, అన్నకు పంతొమ్మిది. మధ్యాహ్నం శవాన్ని తెచ్చి సొంత వాకిలి ఎదుట బెంచీ మీద పెట్టారు. పెట్టీ పెట్టకముందే వాన పట్టుకుంది. తలుపు బార్లా తెరిచే ఉంది, లోపల నాయన మంచం కనిపిస్తూనే ఉంది, కానీ ఎవరూ లోపలికి తెమ్మనలేదు. అన్న ఆ వానంతా నాయన తల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరైనా గొడుగు అందుకోవడానికి వస్తే ఇవ్వలేదు.

అప్పటినుంచీ ఆయనకు ఒక్కటే కోరిక. పండగనాడు కూడా చెప్పేవాడు, మా వదిన మునియమ్మ చెవులు మూసుకునేది. "నాకు సొమ్ములు వద్దు, సమాధి వద్దు. నా ఇంట్లో, నేల మీద, గడప లోపల పోవాల. అంతే." నా వైపు తిరిగి ప్రత్యేకంగా అనేవాడు: "ఇంగ్లీష్ డాక్టర్లు వాళ్ళలో వాళ్ళు ఏం మాట్లాడుకునేదీ నీకు ఒకదానికే తెలుస్తాది. టైం వచ్చినాదని వాళ్ళు అంటే నువ్వు నాకు చెప్పేయాల. దాచకూడదు." సరేలే న్నా అనేదాన్ని. అరవై ఏళ్ళ మనిషి, పొద్దున నాలుగుకి మడికి పోయే మనిషి, ఇప్పుడెందుకీ మాటలు అనుకునేదాన్ని.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అన్న కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు అన్నారు. వదిన నేలఉసిరాకు నూరి మజ్జిగలో పదకొండు రోజులు తాగించింది. తగ్గలేదు. ఒళ్ళంతా దురద, అన్నం చూస్తే వాంతి. గుడియాత్తం డాక్టరు స్కాను తీసి, ఏమీ చెప్పకుండా, వేలూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ చేర్చాం. పిత్తం వచ్చే దారిలో గడ్డ ఉందనీ, అది కాలేయంలోకి పాకిపోయిందనీ మూడో రోజుకు తేలింది.

మా వార్డు చూసే డాక్టరమ్మ ఈశాన్యం వైపు నుంచి వచ్చిన చిన్న పిల్ల. ముప్పై కూడా ఉండవు. తమిళం రెండు ముక్కలు వచ్చు, 'వలిక్కుదా' అని నొప్పి అడగడం వరకే. మిగతాదంతా ఇంగ్లీషే. మేనక అనే నర్సు ఉండేది, తమిళమ్మాయి. మొదటి రోజే నన్ను అడిగింది, డాక్టర్ చెప్పేది నేను తమిళంలో చెప్పనా అని. మా ఇంట్లో అందరికీ తమిళం నీళ్ళలా వచ్చు. ఆ పిల్ల చెప్తే వదినకు ఒక్క అక్షరం తప్పిపోయేది కాదు.

"అక్కర్లేదు సిస్టర్, నేను ఇంగ్లీష్ టీచర్ని" అన్నాను.

మంచం మీద అన్న ముఖం వెలిగిపోయింది. పక్క మంచం ఆయనతో, "మా చెల్లెలు. ఇంగ్లీష్‌లో వాళ్ళతో సమానంగా మాట్లాడతాది. నేనే చదివించినాను" అన్నాడు. పక్క మంచం ఆయన ఆరణి మనిషి, తెలుగు రాదు. అయినా తల ఊపాడు.

మొదట్లో నా పని నేను బాగానే చేశాను. 'హి ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్' అంది డాక్టరమ్మ. గండం ఇంకా గట్టెక్కలేదంట అని చెప్పాను. వదిన కళ్ళు తుడుచుకుంది, అన్న మాత్రం "ఉడ్స్ అంటే అడవి గదా? గండానికి అడవి ఎందుకొచ్చె?" అని అడిగాడు. ఆ నీరసంలో కూడా ఆట వదల్లేదు. నాకు నవ్వొచ్చింది. ఆసుపత్రిలో అదే చివరిసారి నేను నవ్వడం.

మంగళవారం మధ్యాహ్నం డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పిలిచింది. నేను, వదిన, వాళ్ళ కొడుకు సుజిత్. సుజిత్ కె.వి.కుప్పంలో బైకుల షోరూంలో పనిచేస్తాడు, దానికి ముందు ఒక ఏడాది నా క్లాసులో కూర్చున్నాడు. చేతిలో గంజి ఫ్లాస్కుతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంచం మీద నుంచి అన్న మమ్మల్నే చూస్తున్నాడు, మాటలు వినపడేంత దగ్గర కాదు, ముఖాలు కనపడేంత దగ్గర.

ఆ పిల్ల తొందరపడలేదు. నా కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. చేయగలిగిందంతా చేశామంది. ఇక 'ఇట్ ఈజ్ ఓన్లీ ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్' అంది. ఆయనకు ఇంట్లో ఉండాలని ఉంటే ఇప్పుడే తీసుకుపోండి, 'ద విండో ఈజ్ క్లోజింగ్' అంది. గురువారానికి ప్రయాణం తట్టుకోలేడు, ఆక్సిజన్ పెట్టిన బండి మేము చూసి ఇస్తాం, నొప్పికి మందు ఇచ్చి పంపుతాం అంది. అన్నీ చెప్పి, "ఆయనకేమైనా కోరిక ఉందా? దయచేసి అడగండి" అంది.

నాకు అంతా అర్థమైంది. ఆ రెండు జాతీయాలూ నా ఎర్ర అట్ట నోట్సులో ఉన్నాయి. ఏటా చెప్తాను. రెండోదానికి ఉదాహరణగా ఉద్యోగానికి దరఖాస్తు గడువు ముగిసిపోవడం రాయిస్తాను.

"ఏమంటాండాది మ్మా?" అంది వదిన.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా ఉంది, పొద్దుటి నుంచీ అన్నకు గుడ్డ తడిపి తుడుస్తూనే ఉంది పాపం. నాకేసి చూసిన ఆ చూపులో భయం లేదు. అదే నన్ను చంపింది. ఇంగ్లీషు డాక్టరు, ఇంగ్లీషు తెలిసిన ఆడబిడ్డ, పెద్దాసుపత్రి, ఇక ఏమీ కాదులే అన్న ధైర్యం అది. డాక్టరమ్మ చెప్పింది ఇంగ్లీషులో ఉన్నంతసేపూ నాకది పాఠంలాగే ఉంది. తెలుగులో నా నోటితో అంటే అది మా అన్న చావు అయిపోతుంది. నాకు నోరు రాలేదు. ఎవరి మీదో తోసేయడానికి ఇప్పుడు కారణాలు వెతికితే దొరుకుతాయి, కానీ జరిగింది ఇంతే: నాకు ధైర్యం లేకపోయింది.

"కొత్త మందు ఎక్కిస్తారంట వదినా. అది పని చేసేదానికి నాలుగు దినాలు పడతాదంట" అన్నాను.

"అంతే గదా" అంది వదిన. "అంత సేపు మాట్లాడె, నేను ఏందో అని భయపడిపోతిని."

డాక్టరమ్మ వదిన ముఖంలో వచ్చిన తేటను చూసి కొంచెం తికమక పడింది. "అర్థమైందా ఆమెకు? ఇంటికి తీసుకుపోతారా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. అక్కడైనా ఆగవచ్చు. ఒక్క నిమిషం ఆగండి అనవచ్చు. నేను ఒక్క తప్పూ లేని ఇంగ్లీషులో జవాబు చెప్పాను: మా వాళ్ళు ఇక్కడే ఉంచాలనుకుంటున్నారు, అని. ఆ పిల్ల తల ఊపి ఫైలులో రాసుకుంది. అటు ఒక అబద్ధం, ఇటు ఒక అబద్ధం. మధ్యలో నిలబడింది పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న టీచరమ్మ.

గుమ్మం దగ్గర సుజిత్ నా వైపు చూశాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. తర్వాత ఫ్లాస్కు మూత తిప్పుతూ లోపలికి పోయాడు.

నేను మంచం దగ్గరికి వచ్చాను. "ఏమంటాండాది ఆ పిల్ల?" అన్నాడు అన్న. పెదాలు ఎండి తెల్లగా అయిపోయాయి.

"మందు మారుస్తారంట న్నా."

"ఆమె చెప్పింది చెప్పినట్ల ఇంగ్లీష్‌లో చెప్పు, వింటాను."

ఆయనకు నేను ఇంగ్లీషు మాట్లాడుతుంటే వినడం ఇష్టం. అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని వింటాడు. నేను గొంతు సర్దుకుని, "హి విల్ బి ఫైన్" అన్నాను.

అన్న కళ్ళు మూసుకోలేదు. "అంతేనా? అంత చిన్నదా?" అన్నాడు. "ఆ పిల్ల చానాసేపు మాట్లాడె గదా." ఆయన నా ముఖం కాసేపు చూసి, "హి విల్ బి ఫైన్" అని ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అన్నాడు. "సరి. నువ్వు చెప్తే సరే" అన్నాడు. సాయంత్రం బస్సుకు నేను గుడియాత్తం వచ్చేశాను. మర్నాడు క్లాసు ఉందన్నాను. క్లాసు నిజమే, కానీ నేను పారిపోయి వచ్చాను.

బుధవారం పాఠం ఏం చెప్పానో గుర్తు లేదు. మధ్యాహ్నం మేనక ఫోను చేసింది. ఇంటికి తీసుకుపోవడం గురించి మళ్ళీ ఏమైనా అనుకున్నారా మేడమ్, బండి కావాలంటే నేను చెప్పి ఉంచుతాను, రేపటికైతే కష్టం అంది. 'పొద్దున వచ్చి మాట్లాడతాను సిస్టర్' అన్నాను. పొద్దున. అదేదో పొద్దున ఇంకొక లోకంలో తెల్లవారుతుందన్నట్టు అన్నాను. ఏడు గంటలకు ఫోను దగ్గర కూర్చున్నాను. మోగలేదు. మోగదని తెలుసు, ఆసుపత్రిలో ఆయన దగ్గర ఫోను కూడా లేదు.

గురువారం మొదటి బస్సు ఎక్కాను. ఇక చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. దారి పొడుగునా ఆ వాక్యం కట్టుకుంటూనే వచ్చాను. పాఠానికి ఉదాహరణలు రాయించినట్టు ఒకటి రాసి కొట్టేయడం, ఇంకొకటి రాయడం. 'న్నా, డాక్టర్లు చేతులెత్తేసినారు.' వద్దు. 'న్నా, నువ్వు చెప్పమన్న టైం వచ్చినాది.' అదే బాగుంది, ఆయన మాటే ఆయనకు అప్పజెప్పినట్టు. తర్వాత వదినకు, తర్వాత బండికి. గంటన్నరలో ఇంటికి చేరుకోవచ్చు. కె.వి.కుప్పం దాటేసరికి వాక్యం నోటికి వచ్చేసింది. కాట్పాడి దగ్గర బస్సు ఆగినప్పుడు కూడా మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

వార్డులో అన్న మంచం చుట్టూ పచ్చ తెర లాగి ఉంది. లోపల ఆయన ఊపిరి వేరుగా ఉంది. ఒక్కొక్కటి ఎక్కడో లోతు నుంచి తోడుకుని వస్తోంది. కళ్ళు సగం తెరిచే ఉన్నా చూపు లేదు. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంటికి తీసుకుపోతాం, ఇప్పుడే, దయచేసి బండి పిలవండి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆసుపత్రి గేటు కూడా దాటలేరు అంది. నేను ఆయన చెవిలో వంగి నేను కట్టుకొచ్చిన వాక్యం మొత్తం చెప్పాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు చెప్పాను. పదకొండు కొట్టకముందే అన్న పోయాడు.

శవాన్ని ఊరికి తెచ్చేసరికి వీధిలో పందిరి వేసి ఉంది. సుజిత్ ఊరి పెద్దను పట్టుకుని మొండిగా లోపలికి తీసుకుపోదామన్నాడు. "ఆయన అదొక్కటే అడిగినాడు గదా తాతా" అన్నాడు. ఊరి పెద్ద సుబ్బరాయులు మామ చెడ్డవాడు కాదు, అన్నతో కలిసి పెరిగినవాడు. ఆయనా ఏడుస్తూనే ఉన్నాడు. "నాకు మాత్రం ఇష్టమా నాయనా? వాళ్ళ నాయనకు లేనిది వీనికి యాడిది? ఊరు ఊరంతటికీ ఒకటే" అన్నాడు. బెంచీ మీద అన్న. ఎదురుగా పదడుగుల దూరంలో ఆయన కట్టించుకున్న ఇల్లు, ఆయన చెక్కించుకున్న తలుపు. వదిన నీళ్ళకనీ, గంధానికనీ, పంచె కోసమనీ ఆ గడప లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. నేను గడప దాటలేదు. ఆ రోజంతా వీధిలోనే నిలబడ్డాను. వాన లేదు, ఎండ దంచేస్తోంది. ఆయన ముఖం మీద ఎండ పడకుండా నా కొంగు పట్టుకోవచ్చు అని తోచింది. నాకు ఆ అర్హత లేదనిపించి పట్టలేదు.

చుట్టాలు వచ్చినప్పుడల్లా వదిన ఒకటే మాట. "మా కమలాక్షి ఉండబట్టి డాక్టర్లు చెప్పిందంతా మాకు తెలిసె. లేకుంటే మేం గొర్రెల మాదిరి నిలబడాల్సిందే" అని నా తల నిమిరింది. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. వదినను ఆ చెయ్యి తీసేయమని అరవాలనిపించింది.

అన్నీ అయ్యాక మోటారు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే సుజిత్ వచ్చాడు. గుండు మీద నీళ్ళు కారుతున్నాయి. "అత్తా, ఒకటి అడగతా" అన్నాడు. "మంగళవారం ఆ డాక్టరమ్మ మ్యాటర్ ఆఫ్ టైమ్ అనె. విండో క్లోజింగ్ అనె. నీ కాడ చదివినప్పుడు రెండూ నోట్‌బుక్కులో రాసుకుంటిని. నువ్వు అమ్మకు వేరేగా చెప్తివి. నేను తప్పు రాసుకున్నానేమో అనుకుంటిని. నువ్వు టీచరు గదా, నువ్వు చెప్తే తప్పుండదు అని గమ్మునుండిపోతిని." ఆగాడు. వాడి గొంతులో కోపం లేదు, క్లాసులో సందేహం అడిగే పిల్లవాడి గొంతే అది. "నేను రాసుకున్నిందే రైటా అత్తా?"

"రైటే" అన్నాను.

వాడు తల ఊపాడు. మోటారు ఆపి, చెప్పులు చేత పట్టుకుని గట్టు మీదుగా ఇంటివైపు నడిచాడు. తర్వాత ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మేలు అనిపిస్తుంది నాకు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వదిన ఆసుపత్రి ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సుజిత్ కూలీలకు చెప్పడానికి మడికి పోయాడు, ఇంట్లో మేమిద్దరమే. "దీంట్లో ఆయన గురించి ఏమేం రాసినారో చదివి చెప్పు మ్మా. నేను వినాల" అంది. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. ఎనిమిది రోజుల్లో ఆమె సగమైపోయింది.

మొదటి కాగితాలన్నీ రక్తం లెక్కలు, మందుల పేర్లు. వాటిని చదివాను. తర్వాత మంగళవారం తేదీతో డాక్టరమ్మ రాత. గుండ్రటి చేతిరాత, ఒక్క మాట కొట్టివేత లేదు. రోగికి ఇక ఎక్కువ కాలం లేదని ఆయన చెల్లెలి ద్వారా కుటుంబానికి తెలియజేశాము. ఇంటికి తీసుకుపోయే వీలు గురించి చెప్పాము. కుటుంబం ఆసుపత్రిలోనే ఉంచాలని కోరింది.

నేను ఆగిపోయాను. "ఏం రాసినారు?" అంది వదిన. ఇంకొక అబద్ధానికి అప్పటికే నోట్లో మాటలు పేర్చుకుని ఉన్నాయి, నాకది ఇప్పుడు ఎంత సులువో. కానీ ఇక చేత కాలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. ఆ రోజు వరండాలో డాక్టరమ్మ ఏమన్నదీ, నేను ఏం చెప్పిందీ, ఆమెకు తిరిగి ఏం జవాబిచ్చిందీ, బుధవారం మేనక ఫోను చేసిందీ, అన్నీ చెప్పాను. ఎందుకట్లా చేశావని ఆమె అడిగితే, చెప్పు తీసుకుని కొడితే, ఎంత బాగుండేదో.

వదిన చాపుకున్న కాళ్ళు ముడుచుకుంది.

"మంగళవారం సాయంత్రం నువ్వు బస్సుకు పోయినాక ఆయన నా చెయ్యి పట్టుకొనె" అంది. "మునియమ్మా, ఇంటికి పోదాం పా, మన ఇంట్లో పండుకుంటాను అనె. నేను కసురుకుంటిని కమలా. కమలాక్షి చెప్పె గదా, నాలుగు దినాలు మందు ఎక్కాలంట, చిన్నబిడ్డ మాదిరి మారాం చేస్తే ఎట్ల, నోరు మూసుకోని పండుకో అంటిని. ఆయన గమ్మున చెయ్యి తీసేసె. బుధవారమంతా గోడ తట్టు తిరుక్కోని ఉండిపోయె. నా మీద కోపం వచ్చినాదేమో అనుకుంటిని. రెండు దినాల్లో లేస్తాడు గదా, లేచినాక మాట్లాడతాడులే అనుకుంటిని."

ఆమె ఏడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఫైలు నా ఒళ్ళోంచి తీసుకుని మూసి, పక్కన పెట్టింది.

"నోరు మూసుకో అనింటిని కమలా" అంది మళ్ళీ. "అడిగినోన్ని నోరు మూసుకో అనింటిని."

నేను ఆ మాట వింటూ కూర్చున్నాను. సుజిత్ మడి నుంచి వచ్చేదాకా ఆమె అదే మాట అంటూనే ఉంది.